ఎలీషబా గీసిన కాపరి

మార్కాపురానికి మూడు మైళ్ళ దూరంలో, పలకల గనుల పక్కన ఉన్న పాలెంలో ఒక చిన్న గుడి ఉండేది. రాతిగోడలు, పెంకుల కప్పు, నలభై మంది కూర్చుంటే నిండిపోయే గది. మిషనువాళ్ళు కట్టించిన అలాంటి గుళ్ళు ఆ తాలూకాలో ఇంకా ఉన్నాయి గానీ, దీనికి మూడు రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. మూడూ ఎలీషబా చేసినవే.

ఎలీషబా 1930 డిసెంబరులో చలిజ్వరంతో చనిపోయింది. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. పిల్లలు లేరు. భర్త ఇశ్రాయేలు గనిలో పలకలు కోసేవాడు.

ఆమె ఆ పని నేర్చుకున్నది మిషను బంగళాలో. అక్కడి దొరసాని తన దేశంలో రంగుటద్దాల పని చేసిన మనిషి. వంటకు కుదిరిన ఎలీషబా చేతి పనితనం చూసి, గాజు కోయడం, ముక్కల్ని సీసపు పట్టీలతో అతకడం నేర్పింది. రంగు గాజులోనే ఉంటుంది. కానీ ముఖాలు, వేళ్ళు, బట్టల ముడతలు మాత్రం ఒక నల్లపొడిని నీళ్ళలో కలిపి కుంచెతో గాజుమీద గీయాలి. తర్వాత ఆ గాజును బట్టీలో పెట్టి కాలిస్తే గీత గాజుకు అంటుకుపోతుంది. కడవలో నీళ్ళు చేదుకునే సమరయ స్త్రీ, పడవలో శిష్యులు ఉన్న కిటికీలు రెండూ దొరసాని ఉండగా, దొరసాని బట్టీలో కాలినవి. తర్వాత దొరసాని వాళ్ళ దేశానికి వెళ్ళిపోయింది. మూడోది, గొర్రెల కాపరి కిటికీ, ఎలీషబా ఒక్కతే చేసింది.

కాపరికి ముఖం కావలసి వచ్చినప్పుడు ఆమె దూరం పోలేదు. అర్ధవీడు నుంచి యల్లయ్య అనే కాపరి ఏటా జనవరిలో, కోతలయ్యాక, మందను తోలుకుని వచ్చి పాలెం పక్క చేలల్లో కట్టేవాడు. ఎలీషబా ఒక పెద్ద పలకను నెత్తిన పెట్టుకుని ఆ చేలోకి పోయింది.

"మామా, రెండు పొద్దులు కదలకుండా కూర్చుంటావా? నీ ముఖం గీసుకుంటా."

"నా ముఖమా? ఎండకు మాడి మసిబొగ్గయింది. ఏం చేసుకుంటావు బిడ్డా?"

"గుడి కిటికీలో పెడతా. గొర్రెలు కాసేవోడు కావాల."

"మీ దేవుడు గొర్రెలు కాసినాడా?"

"కాసినాడనే మా బైబిల్లో ఉండాది."

"అట్లయితే కష్టం తెలిసినోడే" అని యల్లయ్య కర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

మరుసటేడు అతను వచ్చేటప్పటికి కిటికీ గోడలో ఉంది, ఎలీషబా లేదు. యల్లయ్య గుడి వెనక గోడ దగ్గరికి వచ్చి చూశాడు. బయటినుంచి నల్లటి ముక్కలు తప్ప ఏమీ కనపడలేదు.

"లోపలికొచ్చి చూడాల మామా. వెలుగు అటు నుంచి పడాల" అన్నాడు ఇశ్రాయేలు.

పాలెంలో అడుగు పెట్టడమే యల్లయ్య వాళ్ళలో తప్పు. అతను గోడ పక్కన కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత చెప్పులు విడిచి, గొంగడి మడిచి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాడు. చాలాసేపు చూశాడు. ఆ సంగతి అర్ధవీడుదాకా పోయింది. నాలుగు నెలలపాటు అతని ఇంటికి ఎవరూ నీళ్ళకు, నిప్పుకు రాలేదు. అయినా ఆ తర్వాతి జనవరిలో మళ్ళీ వచ్చాడు. అప్పటినుంచి ఏడాదికొకసారి వచ్చి, తన ముఖం చూసుకుని పోవడం అలవాటైంది.

1937 జనవరిలో వచ్చినప్పుడు మాత్రం అతను కిటికీ దగ్గరికి ఇంకొంచెం జరిగి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఏంది ఇశ్రాయేలూ, నా మీసం యాడబోయింది?"

"యాడికి పోతాది మామా, ఉండాది గదా."

"నిరుడు ఉన్నంత లేదు. ఆ ముందేడు ఉన్నంత అసలే లేదు. కన్ను కూడా పోతాంది. గుడ్డోణ్ణి చేసేటట్టుండారే నన్ను!"

ఇశ్రాయేలు చూశాడు. ప్రతి ఆదివారం చూసే కిటికీ కాబట్టి అతనికి తేడా తెలియలేదు. కానీ ఆ మాట విన్నాక రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. తెల్లవారగానే నిచ్చెన వేసుకుని ఎక్కి, తడిగుడ్డ కొసతో మీసం చివర మెత్తగా ఒత్తాడు. గుడ్డకు నల్లటి మరక అంటింది.

నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. ఎందుకిలా అయిందో అతనికి తెలుసు.

దొరసాని పోయేటప్పుడు బట్టీ కూడా తీయించి తీసుకుపోయింది. ఎలీషబా కుమ్మరాయన్ను బతిమాలి పెరట్లో సొంతంగా ఒకటి కట్టించుకుంది. కాపరి ముఖం అందులో కాల్చిన రోజున ఆమెకు జ్వరం. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆమె దుప్పటి కప్పుకుని, బట్టీకి పెట్టిన చిన్న కంతలోంచి మాటిమాటికీ చూస్తూ కూర్చుంది.

"ఇంకా మెరుపు రాలేదు. గీత తడిసినట్టు మెరవాల. ఇంకో పూట కాలాల" అంది.

ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఇశ్రాయేలుకు భయం వేసింది. "చాల్లే, నువ్వు చచ్చేటట్టుండావు" అని మండే కట్టెలన్నీ బయటికి లాగి, బట్టీ నోరు మట్టితో మూసేశాడు. రెండోరోజు ఆమె చల్లారిన గాజును తీసి బొటనవేలితో రుద్ది చూసుకుంది. "నిలిస్తే నిలుస్తాయి" అని మాత్రం అంది.

ఆ సరిగా కాలని గీతల్ని ఆరేళ్ళుగా కడుగుతున్నది ఇశ్రాయేలు అక్క సుబ్బులమ్మ.

సుబ్బులమ్మ భర్త పోయాక తమ్ముడి వీధిలోనే వేరే ఇంట్లో ఉండేది. ఎలీషబా పోయిన ఏడాదికి, సరిగ్గా ఆ రోజున, పాలెం ఆడవాళ్ళను పోగుచేసి గుడి కడిగించింది. ఎలాగూ క్రిస్మసు వస్తోంది. నేల, బెంచీలు, తలుపులు అందరూ కడిగితే, కిటికీలు మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. బూడిద నీళ్ళలో కొబ్బరిపీచు ముంచి, తనే రుద్దింది. సీసం పట్టీలకు చింతపండు పెట్టింది. కడుగుతున్నంతసేపూ పాట పాడింది. అది ఏటా జరిగే పనయింది. పాలెంలో ఎలీషబాను తలుచుకోవడమంటే ఆ కడుగుడే.

ఇశ్రాయేలు ఆ గుడ్డముక్క పట్టుకుని అక్క దగ్గరికి పోయాడు. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"అక్కా, ఇంక కిటికీలు కడగొద్దు."

"ఎందుకు?"

"గీతలు పోతాండాయి. చూడు, మీసం రంగు గుడ్డకు అంటింది."

సుబ్బులమ్మ చాట కింద పెట్టి గుడ్డ చూసింది.

"అంటే నేను చెరిపినానంటావా?"

"నువ్వని కాదు. బూడిద, పీచు..."

"బూడిదెవరిది? పీచెవరిది? చెయ్యెవరిది? ఆరేండ్లు నిచ్చెన మీద నిలబడి మోకాళ్ళు పోగొట్టుకుంటి. పెండ్లామని నువ్వొకనాడైనా ఒక అద్దం తుడిచినావా?"

బట్టీలోంచి కట్టెలు లాగింది తనేనని అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడు. ఆ ఆదివారం నుంచి సుబ్బులమ్మ గుడికి రావడం మానేసింది.

పాస్టరు కరుణాకరం సంగతి విని, మద్రాసులో అలాంటి పని చేసే ఒకాయనకు ఉత్తరం రాశాడు. మార్చిలో జవాబు వచ్చింది. వచ్చి ముఖం మళ్ళీ గీసి, అక్కడే బట్టీ కట్టి కాల్చి ఇస్తానని రాశాడాయన. ఎలాంటి ముఖం గీస్తాడో తెలియడానికి ఒక రంగుల బొమ్మ కూడా పంపాడు. ఆరాధన అయ్యాక కరుణాకరం దాన్ని అందరికీ చూపించాడు. బొమ్మలో కాపరి తెల్లగా, తేనెరంగు జుట్టుతో, పట్టులాంటి గడ్డంతో ఉన్నాడు. చంకలో గొర్రెపిల్ల.

సంఘపెద్ద ఏలీయా ముసలివాడు. బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "ప్రభువంటే ఇట్ల ఉండాల. మన కిటికీలో ఉండేది గొల్లాయన గదా" అన్నాడు. కొందరు తలలూపారు.

ఇశ్రాయేలు గుడిలో లేచి మాట్లాడే మనిషి కాదు. ఆరోజు లేచాడు.

"అయ్యగారూ, ఆమె గీసినదాంట్లో సగం ఇంకా ఉండాది. దానిమీద ఇంకొకాయన గీసినాడనుకో, ఏది ఆమెదో, ఏది ఆయనదో రేపు ఎవరికీ తెలవదు. ఉన్న సగం కూడా లేనట్టే."

"మరి ఇట్లాగే వదిలేస్తే అదీ పోతుంది గదయ్యా. ఏం చేద్దామంటావు?" అన్నాడు కరుణాకరం.

"కడగడం మానేద్దాం. లోపలివైపు రెండు వేళ్ళ ఎడంతో రంగు లేని తెల్లద్దం ఒకటి బిగిద్దాం. చెయ్యి తగలదు. అది పెట్టకముందే, ఉన్న గీతల్ని నేను పలకమీదికి ఎక్కిస్తా. పలకమీద చెక్కింది నీళ్ళకు పోదు."

కరుణాకరం ఆలోచించి, మద్రాసు ఆయనకు వద్దని రాసేశాడు. గుంటూరు నుంచి తెల్లద్దం తెప్పించే పని తనే పెట్టుకున్నాడు. ఏలీయాకు ఇది నచ్చలేదు. ఆ రంగుల బొమ్మ తనకివ్వమని అడిగి ఇంటికి తీసుకుపోయాడు.

ఇశ్రాయేలు గనిలో ఏ పగులూ లేని రాయి చూసి, కిటికీ అంత పలక ఒకటి కోసుకున్నాడు. ఏప్రిల్లో పని మొదలుపెట్టాడు. నూనె రాసిన కాగితాన్ని కిటికీకి తగిలీ తగలకుండా వేలాడదీసి, అవతలి వెలుగులో కనపడిన ప్రతి గీతనూ పెన్సిలుతో దించాడు. తర్వాత ఆ కాగితాన్ని పలకమీద పరిచి, గీతల వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి, ముగ్గుపిండి మూటతో తట్టాడు. కాగితం తీస్తే నల్లటి పలకమీద తెల్లటి చుక్కలు వరసగా నిలిచాయి. వాటి వెంబడి ఉలితో సన్నగా గీసుకుంటూ పోవాలి.

గొంగడి బాగానే వచ్చింది. కర్ర వచ్చింది. ముఖం దగ్గరికొచ్చేసరికి ఖాళీలు. ఎడమ కన్ను సగమే ఉంది. మీసం రెండు పోగులు. నుదురు నున్నగా ఉంది. ఎలీషబా చేలో గీసుకున్న పలకను, కిటికీ అయిపోగానే ఆమే తుడిచేసి వేరే పనికి వాడుకుంది. పలకలు అందుకేగదా ఉన్నది. ఇశ్రాయేలు కళ్ళు మూసుకుని ఎంత గుర్తు చేసుకున్నా అతనికి కాపరి ముఖం రాలేదు, దుప్పటి కప్పుకుని కూర్చున్న ఎలీషబా ముఖమే వచ్చింది.

మూడోరోజున ఉలి పక్కన పెట్టి అక్క ఇంటికి పోయాడు. ఈసారి గడప దాటి లోపల కూర్చున్నాడు.

"అక్కా, నీకొకటి చెప్పాల. చెరిపింది నువ్వు కాదు."

సుబ్బులమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. అతను బట్టీ సంగతి అంతా చెప్పాడు. ఇంకో పూట కాలాలని ఆమె అన్న మాట, తను కట్టెలు లాగేసిన సంగతి.

"అది గట్టిగా కాలి ఉంటే నువ్వు నూరేండ్లు రుద్దినా పోయేది కాదు. ఆ దినమే చెప్పాల్సింది. నీమీద నింద పడతా ఉంటే ఊరకుంటి."

సుబ్బులమ్మ సంగటి కుండ దించి, మసిగుడ్డతో చేతులు తుడుచుకుంది.

"నేనెందుకు కడుగుతాండానో నీకు తెలుసా?"

"ఆమె మీద ప్రేమతో గదా."

"అది బతికుండగా ఎప్పుడు ప్రేమగా చూస్తి? ఒకసారి బావికాడ, పదిమందిలో అన్నా. ఆ సీసం పొగకే నీ కడుపు పండలేదు అని. అది కడవ నింపుకొని పోయింది. ఆ పైన మూడేండ్లు బతికింది, నేను ఒక్కనాడు తప్పయిందనలేదు. పోయినాక ఎవరికి చెప్పాల? అందుకే కడిగినా."

ఇశ్రాయేలుకు ఈ సంగతి తెలియదు. ఎలీషబా అతనికి చెప్పలేదు. కోపం వచ్చింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ తను దాచిన మాట కూడా అప్పుడే బయటపెట్టి ఉన్నాడు గనక కూర్చున్నాడు. అక్కే సంగటి ముద్ద చేసి పళ్ళెంలో పెట్టింది. తిన్నాడు.

తిన్నాక, "ముఖం రాలేదక్కా. సగం గీతలు నాకు గుర్తు లేవు" అన్నాడు.

"ఏ గీతలు?"

"కన్ను, నుదురు, మీసం."

"అవి నాకు తెలుసు" అంది సుబ్బులమ్మ. "పీచు కింద ప్రతి గీతా వేలికి తగిలేది. మొదట్లో గరుకుగా ఉండేవి."

ఆ మధ్యాహ్నమే ఆమె గుడికి వచ్చింది. మూడు నెలల తర్వాత రావడం. కిటికీ వైపు ఒకసారి చూసి, పలక ముందు చాప వేసుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుని కుడిచేతి వేళ్ళు పలకమీద పెట్టింది.

"ఎడమ కంటి కింద మూడు గీతలు. నడిమిది కొసన చీలి ఉంటాది, కాకికాలు మాదిరి. ఊఁ, ఇంకొంచెం కిందికి. నుదుటన నాలుగు. పైది కురచ."

ఇశ్రాయేలు ముగ్గుపిండితో గుర్తు పెట్టుకుంటూ పోయాడు. ఆమె చెప్పిన కొలతకు అతను గీయడం, ఆమె వేలితో తడిమి కాదనడం, మళ్ళీ తుడవడం. మీసానికే రెండు రోజులు పట్టింది. ఆమె పదమూడు పోగులంది, అతను అన్ని ఉండవన్నాడు. నిచ్చెనెక్కి చూస్తే, వెలుగు వాలుగా పడినప్పుడు, పోగులు పోయిన చోట కూడా గాజుమీద సన్నటి మసక జాడలు కనపడ్డాయి. లెక్కపెట్టాడు. పదమూడే.

కర్ర పట్టుకున్న చేతిలో చిటికెనవేలు ఇద్దరికీ గుర్తు లేదు. అది సీసం పట్టీ పక్కన ఉంటుంది, పీచు అక్కడిదాకా పోదు.

"ఏదో ఒకటి గీయరాదా? వేలే గదా" అంది సుబ్బులమ్మ.

"తెలవనిది గీయగూడదు. అట్ల గీస్తే మద్రాసాయనకూ నాకూ తేడా ఏముంది?"

ఆ చోటు ఖాళీగానే వదిలేశాడు. మే నెలాఖరుకు పలక పూర్తయింది. గోడకు ఆనించి, కిటికీ కింద నిలబెట్టారు. కింద మూలన చిన్న అక్షరాలతో "ఎలీషబా గీసినది" అని చెక్కాడు. కరుణాకరం ఇశ్రాయేలు పేరు కూడా చెక్కమన్నాడు గానీ అతను వద్దన్నాడు. జూన్‌లో తెల్లద్దం బిగించారు.

ఆ డిసెంబరులో, ఎలీషబా పోయిన రోజున, ఆడవాళ్ళు ఎప్పటిలాగే కడవలతో వచ్చారు. సుబ్బులమ్మ వాళ్ళతో నేల కడిగించింది, బెంచీలు తోమించింది. కిటికీల వైపు మాత్రం ఎవరినీ పోనివ్వలేదు.

"అదేంది పెద్దమ్మా, అసలు పని వదిలేస్తే ఎట్ల? ఆమె దినం గదా" అంది ఒకామె.

"నేను కడిగింది చాలు. మీరు పాట పాడండి" అంది సుబ్బులమ్మ. పాడారు. కడగడానికి కిటికీలు లేకపోవడంతో ఆ రోజు పని తొందరగా అయిపోయింది, ఏం చేయాలో తెలియక ఆడవాళ్ళు కొంచెంసేపు బెంచీలమీద కూర్చున్నారు. ఎలీషబా ఎలా ఉండేదో చూడని కొత్తకోడలు ఒకామె అడిగితే, ఒక్కొక్కరూ తమకు గుర్తున్నది చెప్పారు. కడుగుతున్న ఆరేళ్ళలో ఆమెను గురించి అంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

జనవరిలో యల్లయ్య వచ్చాడు. మొదట కిటికీ చూశాడు, తర్వాత వంగి పలక చూశాడు.

"ఇన్ని ముడతలు నాకు అప్పుడు లేవే!"

"ఉండాయి. ఆరేండ్లు నా వేలికి తగిలినాయి" అంది సుబ్బులమ్మ.

"నా ముఖం నాకు తెలవదా?"

"నీ ముఖం నువ్వెప్పుడు చూసుకున్నావన్నా, గొర్రెల వెనక తిరిగేవోడివి?"

యల్లయ్య నవ్వాడు. తర్వాత పలకమీద ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి, ఇదెందుకు లేదని అడిగాడు. ఇశ్రాయేలు చెప్పాడు. యల్లయ్య తన కుడిచెయ్యి చాపి చూపించాడు. చిటికెనవేలు రెండో కణుపు దగ్గర పక్కకు వంగి ఉంది.

"చిన్నప్పుడు పొట్టేలు కుమ్మింది. ఆ బిడ్డ గీసేటప్పుడు కూడా ఇట్లనే ఉండాది."

"అయితే గీసే ఉంటాది. దాని కంటబడినదాన్ని వదిలేది కాదు" అంది సుబ్బులమ్మ.

ఇశ్రాయేలు ఆలోచించాడు. గీసి ఉండవచ్చు, కానీ గీసిందని చెప్పడానికి గాజుమీద జాడ లేదు. చివరికి ఉలి తెచ్చి, వంకర వేలిని గీతగా కాకుండా చుక్కలుగా చెక్కాడు. యల్లయ్య అతని పక్కనే చెయ్యి చాపుకుని, అతను సరేననేదాకా కూర్చున్నాడు.

యల్లయ్య మందను తోలుకుని పోయాక, సుబ్బులమ్మ సమరయ స్త్రీ కిటికీ ముందు నిలబడింది.

"ఇది కూడా గీద్దాం."

"ఇది దొరసాని బట్టీలో కాలిందక్కా. చెక్కు చెదరలేదు."

"బాగున్నప్పుడే గీసుకోవాల. పోయినాక ఏముంది, నా వేళ్ళను పట్టుకొని ఏడవాల్సిందే. నా వేళ్ళు మాత్రం ఎన్నాళ్ళుంటాయి?"

ఇశ్రాయేలు ఒప్పుకున్నాడు. ఇంకో పలక కోసుకొచ్చాడు. కాగితం వేలాడదీసి, గీతలు దించుతుంటే కింద నుంచి సుబ్బులమ్మ అడిగింది.

"ఆ కడవ చూసినావా? మెడకాడ సొట్ట."

"ఉండాది."

"అది మా ఇంటి కడవ. బావికాడ ఎలీషబా నా కడవే అడిగి తీసుకునేది."

ఇశ్రాయేలు పెన్సిలు ఆపి ఒకసారి కిందికి చూశాడు. తర్వాత సొట్టను ఉన్నది ఉన్నట్టు దించాడు.